28 కీళ్ల లెక్కలో పాదాల్లేవు

2015లో వరలక్ష్మీ వ్రతానికి కొత్త మెట్టెలు కొన్నాను. పాతవి తీద్దామని కూర్చుంటే ఎడమకాలివి తేలిగ్గానే వచ్చాయి. కుడికాలి రెండో వేలిది మాత్రం కదల్లేదు. సబ్బు రాశాను, కొబ్బరినూనె రాశాను, దారం చుట్టి లాగాను. వేలు ఎర్రగా కందిపోయింది గానీ మెట్టె రాలేదు. చివరికి బజారులో కంసాలి దగ్గరికెళితే ఆయన చిన్న కత్తెరతో దాన్ని తుంచి తీశాడు. తీశాక వేలిని అటూ ఇటూ చూసి, "మెట్టె చిన్నదవలేదమ్మా, వేలే లావైంది. ఒకసారి చూపించుకోండి" అన్నాడు. నా జబ్బును, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ల జబ్బును, మొదట కనిపెట్టింది ఆయనే. నాకు మందు మొదలైంది మాత్రం ఆ తర్వాత తొమ్మిది నెలలకు.

మాది తెనాలి. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రోజుకు ఐదారు పీరియడ్లు, అన్నీ నిలబడే. అప్పటికి నాకు 38 ఏళ్లు. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే, వేళ్ల మొదళ్ల కింద చింతగింజలు పరిచినట్టు ఉండేది. చెప్పులో ఏదో పడింది కాబోలు అనుకునే లోపే, నేనున్నది వట్టి కాళ్లతో అని గుర్తొచ్చేది. గోడ పట్టుకుని బాత్రూందాకా వెళ్లి, టీ పెట్టి, టిఫిన్ చేసే సరికి గంట, గంటన్నర. అప్పటికి కాస్త సర్దుకునేది. మధ్యాహ్నానికి మామూలుగా నడిచేదాన్ని కాబట్టి ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, నాతో సహా.

వీధి చివరి ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుంటే మూడు రోజులు స్వర్గంలా ఉండేది. నాలుగో రోజు మళ్లీ చింతగింజలే. ఒకరు యూరిక్ యాసిడ్ అన్నారు, పరీక్ష చేయిస్తే అది మామూలుగానే ఉంది. ఇంకొకరు చికున్‌గున్యా అవశేషం అన్నారు, నాకు ఆ జ్వరం వచ్చిన గుర్తే లేదు. ఒక ఎముకల డాక్టరు మడమ ఎక్స్‌రే తీయించి, మడమ బాగానే ఉందని చెప్పి పంపేశారు. నొప్పి మడమలో కాదండీ అని నేను గట్టిగా చెప్పలేదు. మా అత్తయ్య మాత్రం తేల్చి చెప్పారు, ఇది వాతం అని. వంకాయ, గోంగూర, చింతపండు బంద్. గుంటూరు జిల్లాలో పుట్టి నాలుగు నెలలు గోంగూర ముట్టని మనిషిని నేను. దానివల్ల నొప్పి ఇసుమంతైనా తగ్గలేదు, నాకు విసుగు మాత్రం పెరిగింది.

మా స్కూల్లో ఇంకో టీచరుకు లూపస్ ఉంది, ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద దాడి చేసే జబ్బు. స్టాఫ్ రూంలో నేను కుర్చీలోంచి లేవడం చూసి, "మీరు ఎముకల డాక్టరు దగ్గరకి కాదు, రుమటాలజిస్టు దగ్గరకి, అంటే కీళ్లవాతం చూసే డాక్టరు దగ్గరకి వెళ్లండి" అన్నారు. అలా ఒకళ్లు ఉంటారనే అప్పటిదాకా నాకు తెలియదు. మర్నాడే ప్యాసింజర్ ఎక్కి గుంటూరు వెళ్లాం.

అక్కడి రుమటాలజిస్టు నా చేతులు చూశారు, మణికట్లు వంచారు. తర్వాత బల్ల మీద కూర్చోమని, కుడి పాదాన్ని వేళ్ల మొదళ్ల దగ్గర రెండు వైపుల నుంచి పట్టుకుని నొక్కారు, కరచాలనం చేసినట్టుగా. పెద్ద బలం ఏమీ పెట్టలేదు. నా నోట్లోంచి వచ్చిన కేకకి బయట కూర్చున్న మా ఆయన లోపలికి వచ్చేశారు. డాక్టరు ఆయనకి నా పాదం చూపించి, "ఇక్కడ చూడండి, రెండో వేలికి, మూడో వేలికి మధ్య వెలుతురు కనిపిస్తోంది. లోపల కీలు వాచి వేళ్లను విడదీస్తోంది" అన్నారు. ఇన్నేళ్లుగా నేను రోజూ కడుక్కున్న కాలే అది.

రక్తపరీక్షల్లో ఈ జబ్బును పట్టిచ్చే యాంటీ సీసీపీ బాగా ఎక్కువగా వచ్చింది, రుమటాయిడ్ ఫ్యాక్టర్ పాజిటివ్, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈఎస్ఆర్ 68. చేతుల ఎక్స్‌రేలో ఏమీ లేదు. పాదాల ఎక్స్‌రేలో కుడి చిటికెనవేలి మొదట్లో, ఎముక గుండ్రటి తల అంచున చిన్న నొక్కు. గుమ్మానికి చెద పట్టడం మొదలైతే చెక్క అంచు ఎలా ఉంటుందో అలా ఉంది. ఈ జబ్బు ఎముకను తినడం చాలామందిలో చేతులకంటే ముందు అక్కడే కనిపిస్తుందని డాక్టరు చెప్పారు. మన ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కీళ్ల లోపలి పొరను శత్రువనుకుని దాడి చేస్తుంది, ఆ పొర వాచి, బలిసి పక్కనున్న ఎముకను, కట్టి ఉంచే తంతువులను తింటుంది, ఇదీ రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఆర్ఏ) అన్నారు. గోంగూరకీ దీనికీ సంబంధం లేదని ఆయన నోటితోనే చెప్పించుకున్నాను, అత్తయ్యకి వినిపించాలని.

ఆ దాడిని అదుపులో పెట్టే మెథోట్రెక్సేట్ మాత్ర మొదలుపెట్టారు. వారానికి ఒక్కరోజే. ఆ ఒక్కరోజు అన్నమాట డాక్టరు మూడుసార్లు చెప్పారు, కాగితం మీద 'ఆదివారం' అని తెలుగులో రాసి కింద గీత గీశారు. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. దానికి తోడు ఫోలిక్ యాసిడ్, హైడ్రాక్సీక్లోరోక్విన్, మొదటి రెండు నెలలు చిన్న మోతాదు స్టెరాయిడ్. తరచూ రక్తపరీక్ష, లివర్ పరీక్ష, ఏడాదికోసారి కంటి పరీక్ష. ఆదివారం రాత్రి మాత్ర వేసుకుంటే సోమవారం వికారంగా ఉండేది. సోమవారం మొదటి పీరియడ్ పదో తరగతి. అందుకని డాక్టర్ని అడిగి రోజు శనివారానికి మార్చుకున్నాను. మాకు తెలిసిన మందుల షాపు అబ్బాయి ఇప్పటికీ నన్ను "శనివారం టీచర్" అనే అంటాడు.

మూడు నెలలకి చింతగింజలు పోయాయి. నిజంగా పోయాయి. 2018 దాకా నాకు జబ్బుందనే మరిచిపోయినంత పని అయింది.

ఆ తర్వాతి కథలో తప్పు సగం నాది, సగం లెక్కది.

గుంటూరు డాక్టరు వేరే ఊరికి మారిపోయారు. నేను ఇంకో చోట చూపించుకోవడం మొదలుపెట్టాను. అక్కడ ప్రతిసారీ ఒక ఫారం నింపేవారు. కీళ్లు నొక్కి చూసి, వాపు ఎన్నిటికి, నొప్పి ఎన్నిటికి అని లెక్క వేసి, దానికి ఈఎస్ఆర్ కలిపి ఒక స్కోరు చెప్పేవారు. 2.6 కంటే తక్కువైతే జబ్బు నిద్రపోయినట్టు. నాది 2.4, 2.3 వచ్చేది. "చాలా బాగుంది, అవే మందులు" అనేవారు. ఐదు నిమిషాల్లో బయటికి వచ్చేసేదాన్ని.

మన చెప్పులు గది బయటే విడుస్తాం కదా. అంటే ప్రతిసారీ నా కాళ్లు వట్టివే, డాక్టరుకు రెండు గజాల దూరంలోనే ఉన్నాయి. కానీ టేబుల్ కింద ఉన్నాయి. పైగా చీర కుచ్చిళ్లు. ఆయన వంగి చూడలేదు, నేను ఎత్తి చూపించలేదు. మంచి మార్కులు వచ్చిన పిల్ల తనంతట తాను తప్పు చెప్పుకుంటుందా?

ఆ టేబుల్ కింద జరుగుతున్నది ఇది. కుడి బొటనవేలు మెల్లగా పక్కకి ఒరిగి, దాని మొదట్లో లోపలివైపు బొడిపె లేచింది. రెండో వేలు చోటు చాలక బొటనవేలి మీదికెక్కింది. మిగతా వేళ్లు కోడి గోళ్లలా ముడుచుకుని పైకి లేచాయి. వేళ్లు పైకి లేస్తే అడుగున మెత్తగా ఉండాల్సిన కండ కూడా ముందుకు జారిపోతుందట, ఎముకల తలలు నేరుగా నేలకి తగులుతాయి. అక్కడ రెండు పెద్ద ఆనెకాయలు కట్టాయి. చింతగింజలు తిరిగొచ్చాయి, ఈసారి చింతపిక్కల బస్తా మీద నడిచినట్టే.

ఒకరోజు నా స్కోరు కాగితం ఇంటికి తెచ్చుకుని కూర్చుని చూశాను. లెక్కల టీచర్ని కదా. 28 కీళ్లు అని ఉంది. బొమ్మ మీద లెక్కపెట్టాను: భుజాలు రెండు, మోచేతులు రెండు, మణికట్లు రెండు, రెండు చేతుల వేళ్ల కీళ్లు ఇరవై, మోకాళ్లు రెండు. మొత్తం 28. చీలమండ సున్నా. పాదం సున్నా. నేను నడవలేకపోతున్నా నా స్కోరు 2.3 రావడంలో వింత ఏమీ లేదు. ప్రశ్నపత్రంలో లేని పాఠంలో ఫెయిలవుతున్నాను నేను.

త్వరగా లెక్కించడానికి వీలుగా, పరిశోధనల కోసం ఆ 28 కీళ్లను ఎంచుకున్నారని తర్వాత తెలిసింది. దానిమీద నాకు కోపం లేదు. కానీ ఆ కాగితం చూసిన రోజు రాత్రి సరిగా నిద్రపట్టలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు ఇంకో తెలివితక్కువ పని చేశాను. 2019 చలికాలంలో మందుల షాపులో ఆనెకాయలకి అంటించే పట్టీ కొని అంటించాను. అందులో ఉండేది చర్మాన్ని కరిగించే యాసిడ్. నాలుగు రోజులకి పట్టీ తీస్తే ఆనెకాయతో పాటు చర్మం కూడా తెల్లగా ఊడొచ్చింది, కింద రూపాయి బిళ్లంత పుండు. మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకి ఇన్ఫెక్షన్ పడితే తగ్గడం ఆలస్యం. చీము పట్టింది. యాంటీబయాటిక్ ఇచ్చి, పుండు మానేదాకా మెథోట్రెక్సేట్ ఆపారు. అది ఆపేసరికి చేతులు కూడా వాచాయి. జడ వేసుకోలేక మా అమ్మాయి చేత వేయించుకుని బడికి వెళ్లాను, అదీ పుండున్న కాలికి గుడ్డ చుట్టుకుని. ఇంట్లో బ్లేడుతో ఆనెకాయలు చెక్కుకునేవాళ్లు మా బంధువుల్లోనే నలుగురున్నారు. ఆర్ఏ ఉన్న పాదానికి, షుగర్ ఉన్న పాదానికి ఆ బ్లేడూ వద్దు, ఈ పట్టీ వద్దు. నా కాలి మీద మచ్చ ఇంకా ఉంది.

పుండు మానాక విజయవాడలో పాదాల సర్జరీలు చేసే డాక్టరుకు చూపించాం. ఆయన ముందు నన్ను నడవమన్నారు. తర్వాత నా చెప్పులు తెప్పించి, తిరగేసి, అరిగిన చోటు చూశారు. నా చెప్పుల్ని చూసిన మొదటి డాక్టరు ఆయనే. ఆపరేషన్ సంగతి తర్వాత, ముందు చెప్పులు మార్చాలి, ఇంట్లో కూడా వట్టికాళ్లతో నడవకూడదు అన్నారు.

ఎంసీఆర్ చెప్పులని ఉంటాయి, షుగర్ ఉన్నవాళ్లు వేసుకునేవి. లోపల మెత్తటి రబ్బరు పొర ఉంటుంది, గట్టిగా నొక్కినా పూర్తిగా అణగదు. వేళ్ల దగ్గర వెడల్పుగా, వెనక పట్టీతో ఉండాలి. బొటనవేలికీ రెండో వేలికీ మధ్య ముల్లు ఉండే రకం పనికిరాదు. ఆ చెప్పులో ఒక మెత్త అతికించాలి, మామిడి టెంక ఆకారంలో. అది ఎక్కడ అతికించాలన్నదే అసలు విద్య. నొప్పి ఉన్న చోట కింద పెడితే నొప్పి ఇంకా పెరుగుతుంది. దానికి కాస్త వెనకగా, మడమ వైపుకి పెట్టాలి. అప్పుడు ఆ మెత్త బరువును మోసి ఎముకల తలల్ని కాస్త పైకి లేపుతుంది. డాక్టరు కాగితం మీద బొమ్మ వేసి, "ఆనెకాయ మీద లిప్‌స్టిక్ రాసుకుని చెప్పులో కాలు పెట్టండి. మచ్చ ఎక్కడ పడితే దానికి సరిగ్గా వెనక అతికించమనండి" అన్నారు.

మా ఇంట్లో లిప్‌స్టిక్ ఎక్కడిది? బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే తాత ముందు స్టూలు మీద కూర్చుని, పర్సులో ఉన్న కుంకుమ పొట్లం విప్పి, నీళ్లతో తడిపి అరికాలికి రాసుకున్నాను. చుట్టూ ఆటోవాళ్లు చూస్తున్నారు. చెప్పులో కాలు పెట్టి లేచి నిలబడి తీస్తే రెండు ఎర్రటి చుక్కలు. తాత వాటిని చూసి, "పెళ్లికూతురి పారాణిలా ఉందమ్మగారూ" అని నవ్వి, మెత్తని ముందు జిగురు లేకుండా పెట్టి నడిపించాడు. అర అంగుళం వెనక్కి జరిపాడు. మళ్లీ నడిపించాడు. మూడోసారి నాలుగడుగులు వేసి ఆగిపోయాను. చింతగింజలు లేవు. పూర్తిగా కాదు, ముప్పాతిక వంతు లేవు. తాత ఆ మెత్తకి తీసుకున్నది నలభై రూపాయలు.

ఇంట్లో చెప్పుల దగ్గర గొడవ అయింది. దేవుడి గదికి పక్కనే మా వంటిల్లు. అత్తయ్య పది రోజులు మాట్లాడలేదు. ఇవి వీధిలోకి వెళ్లవు అత్తయ్యా, ఇంట్లోకి మాత్రమే అని విడిగా ఒక జత కొని చూపించినా, "ఏ చెప్పులైనా చెప్పులే కదమ్మాయ్" అనేవారు. చివరికి ఒప్పందం ఏమిటంటే దేవుడి గదిలోకి మందపాటి మేజోళ్లతో. గుళ్లోకి కూడా అలాగే వెళతాను, వైకుంఠపురంలో ఎండాకాలం ప్రదక్షిణ చేసేవాళ్లంతా నా మేజోళ్ల వైపు అసూయగా చూస్తారు. రెండేళ్లకి అత్తయ్యకి మడమ శూల వచ్చింది. ఇప్పుడు ఆవిడకీ ఇంట్లో వేసుకునే జత ఉంది, నా దానికంటే ఖరీదైనది.

2020 వసంతంలో ఇంకో కష్టం. హైడ్రాక్సీక్లోరోక్విన్ కరోనాకి పనిచేస్తుందన్న మాట పుట్టగానే షాపుల్లో మాయమైంది. నాలుగేళ్లుగా వాడుతున్న మాత్ర కోసం ఆరు షాపులు తిరిగాం. మా శనివారం అబ్బాయే రెండు స్ట్రిప్పులు దాచి ఇచ్చాడు.

కుడికాలికి చెప్పులు చేయగలిగింది అంతే. రెండో వేలు పూర్తిగా పక్కకి పడిపోయింది, పైన చెప్పు పట్టీకి రాసుకుని పుండ్లు పడేవి. 2022 వేసవి సెలవుల్లో ఆపరేషన్ చేయించుకున్నాను. అంతకుముందు మెడ ఎక్స్‌రే తీయమన్నారు, ముందుకి వంచి ఒకటి, వెనక్కి వంచి ఒకటి. కాలి ఆపరేషన్‌కి మెడ ఎందుకని అడిగాను. ఆర్ఏ ఎక్కువ కాలం ఉన్నవాళ్లకి మెడ పైభాగంలో ఎముకలు వదులై ఉండొచ్చు, మత్తు ఇచ్చేటప్పుడు అది తెలియాలి అన్నారు. నాది బాగానే ఉంది. నడుముకి మత్తు ఇచ్చి చేశారు. మెథోట్రెక్సేట్ ఆపాలేమో అనుకున్నాను, ఆపొద్దన్నారు. ఇన్ఫెక్షన్ ఉంటే ఆపడం వేరు, ఇది వేరు అన్నారు.

బొటనవేలి మొదటి కీలును కదలకుండా ప్లేటు, స్క్రూలు వేసి అతికించేశారు. మిగతా నాలుగు వేళ్ల దగ్గర చెద తిన్న ఎముకల తలలు తీసేసి, వేళ్లను తిన్నగా చేసి, ఒక్కో దాంట్లోంచి ఒక్కో సన్నటి తీగ గుచ్చారు. తీగల చివరలు వేళ్ల కొసల్లోంచి బయటికి ఉండేవి, వాటికి చిన్న రబ్బరు మూతలు. మా అమ్మాయి వాటిని చూసి మొదటి రోజు భోజనం చేయలేదు, రెండో రోజు నుంచి "అమ్మా, యాంటెన్నాలు" అనడం మొదలుపెట్టింది. ఆరు వారాలు మడమ మీదే నడవాలి, ముందు భాగం గాల్లో ఉండే ప్రత్యేకమైన చెప్పుతో. ఆ ఏడాది ఆవకాయ అంతా నేను కుర్చీలో కూర్చుని, కాలు దిండు మీద పెట్టి, నోటితో కలిపిందే. ఉప్పు ఎక్కువైంది, అది నా తప్పు కాదు.

తీగలు తీసే రోజు మత్తు ఇవ్వలేదు. పట్టుకారుతో పట్టుకుని లాగారు. ఊలు అల్లికలోంచి సూది లాగినట్టు ఉంటుంది, ఒక్కోటి రెండు క్షణాలు. నాలుగోది కాస్త మొరాయించింది. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు.

ఏం పోయిందో కూడా చెప్పాలి. కుడి బొటనవేలు ఇక వంగదు. గొంతుక్కూర్చోలేను, నేల మీద నుంచి లేవాలంటే ఎడమకాలి మీదే బరువు వేయాలి. పాదం పొట్టిదైంది, ఏడో నంబరు చెప్పు కుడికాలికి ఆరైంది, కాబట్టి రెడీమేడ్ జత కుదరదు. వేళ్లు కాస్త తేలుతూ ఉంటాయి, నేలని గట్టిగా పట్టుకోవు. వాపు పూర్తిగా దిగడానికి ఎనిమిది నెలలు పట్టింది. కానీ వరసగా రెండు పీరియడ్లు నిలబడగలుగుతున్నాను, పుండ్లు పడటం లేదు. రెండో వేలు ఎంత సన్నబడిందంటే తుంచి తీసిన ఆ పాత మెట్టెను అతికించి పెట్టుకున్నా జారిపోతోంది.

మందు విషయంలో కూడా మార్పు వచ్చింది. స్కోరు బాగున్నా పాదాల్లో లోపల వాపు ఉందని అల్ట్రాసౌండులో తేలాక మెథోట్రెక్సేట్‌ని మాత్ర నుంచి ఇంజెక్షన్‌కి మార్చి మోతాదు పెంచారు. శనివారం రాత్రి నేనే పొట్ట మీద వేసుకుంటాను. వికారం కూడా తగ్గింది.

ఇప్పుడు చూపించుకునే డాక్టరు గదిలో మూల ఒక చిన్న స్టూలు ఉంటుంది. వెళ్లగానే దాన్ని ముందుకి లాక్కుని రెండు కాళ్లూ పైకి పెడతాను. మొదట్లో నర్సు వింతగా చూసేది, ఇప్పుడు తనే జరిపి పెడుతుంది. పోయిన నెల ఆయన ఎడమ పాదం నొక్కి, రెండో వేలి దగ్గర ఆగారు. కొంచెం లేస్తోంది, ఇంకా వంచితే తిన్నగా వస్తోంది కాబట్టి ఇప్పుడే కోత అక్కర్లేదు, మెత్త మార్చండి అన్నారు. బస్టాండు దగ్గర తాతకి ఫోన్ చేశాను. గురువారం రమ్మన్నాడు, కుంకుమ తెచ్చుకోమన్నాడు.